ఒత్తు

గడియారం కాడ బస్సు దిగి
ప్రకాశం బజార్ల మూడో సందు.
రేకుల షెడ్డు, ట్రెడిల్ మిషను,
గోడకు ఆరో నెల కాడ ఆగిన క్యాలెండరు.

లింగస్వామి సారు నా మొఖం చూడలే,
చేతులు చూసిండు.
"గోర్లు తీసెయ్యి బిడ్డా,
సీసం గోర్లల్ల దాసుకుంటది.
అన్నం ముట్టేముందు సబ్బు, మర్వకు."
గదే మొదటి పాఠం.

తర్వాత కేసులు.
గుణింతాలు ఒక దిక్కు,
ఒత్తులన్నీ కింది మూలకు,
పావురాల గూళ్ల లెక్క వందల అరలు.
ఒక్కదాని మీదా పేరు లేదు.
ఎట్ల గుర్తువట్టాలె సారూ అంటే
"మీ ఇంట్ల ఉప్పుడబ్బ మీద
ఉప్పని రాసుంటదా?"

మూడు నెలలు
ప్రతి అక్షరాన్నీ దాని ఎనుక నుంచే చూసిన.
దేవరకొండ బస్సు బోర్డును
కుడి దిక్కు నుంచి పైకే సదువుతుంటే
పక్కన కూసున్నామె
సంచి తీసుకొని ఇంకో సీటుకు పోయింది.

మిషను నోరు తెరిసినప్పుడు కాగితం పెట్టాలె,
మూసేలోపు చెయ్యి గుంజుకోవాలె.
సారు ఎడమచేతి చూపుడువేలు ఒక కణుపు తక్కువ.
రీములు లెక్కపెట్టేటప్పుడు
లేని కణుపును కూడా ముట్టుకొనే ముందుకు పోతడు.
లెక్క ఎన్నడూ తప్పలే.

రెండు దాటితే జహంగీర్ చాచా దిక్కు పని.
స్టవ్ మీద మైదా లై కుతకుత,
అందుల చిటికెడు మైలుతుత్తం.
"పురుగు గూడ సదువుకుంటనని వస్తది,
దాని ఫీజు ఇది" అని నవ్వుతడు.
ఫారం మడత వెదురుబద్దతోని రుద్ది,
దారానికి మైనం పట్టించి,
దబ్బనం గుచ్చిన బొక్కల్లకెల్లి
పోయి రావుడు, పోయి రావుడు.
వెన్ను గుండ్రంగ రావాల్నంటే
ఉడికిన గుడ్డు పెంకు మీద కొట్టినట్టు
సుత్తె మెల్లగ ఆనియ్యాలె.

చాచాది మర్రిగూడెం దిక్కు ఊరు.
అక్కడి బోరు నీళ్లు ఆయన మెడను
ఆరిన అట్ట లెక్క బిగవట్టినయి.
పక్కకు చూడాల్నంటే మనిషంతా తిరుగుతడు.
అట్లనే తిరిగి నా పని చూసి
"మరీ బిగియ్యకు.
తెరుసుకోని పుస్తకం ఎవనికి పనికొస్తది"
అన్నడు.
నేను దారం ఒక్క పోగు వదులు చేసిన.
మాట మాత్రం మాట్లాడలే.

నాకు దొరికిన మొదటి సొంత పని
బత్తాయి మార్కెట్ కమీషన్ కొట్టు రసీదులు, వెయ్యి.
పేరు, ఊరు, బస్తాలు, తరుగు, కూలి,
అన్నీ నేనే పేర్చిన,
నేనే బిగించిన, నేనే తొక్కిన.
ముప్పై ఎనిమిది కాగితాలు దాటినంక
సిరా ఆరిందా అని ఒకటి ఎత్తి చూద్దును గదా,
బతాయి.
త కింద త లేదు.

మిషను ఆపిన. సక్రం ఇంక తిరుగుతనే ఉంది.
సారు కాగితం ఎలుగుకు పట్టి
"అచ్చంటేనే ఒత్తుడు గదా,
ఒత్తే మరిస్తివి" అని
చిమ్టా నా చేతిల పెట్టిండు.
కింది మూల అర,
బియ్యపు నూక లెక్క ఒక్క సీసం ముక్క.
దాన్ని కూసోబెట్టినంక మిగిలినయి సాఫ్‌గ వచ్చినయి.

రాత్రి ఇంట్ల, మంచి కాగితం ఒకటి
అమ్మకు చూపిస్తే,
సదువు రాని మనిషి, తిరగేసి పట్టుకుంది.
ఎనుక నుంచి బొటనవేలు నడిపి
"ఇదేందే, ఇక్కడ పొక్కినట్టున్నది?" అన్నది.
గదే, అన్న. గదే.

పాడైన ముప్పై ఎనిమిదీ ఏం చేస్తమంటే
చాచా ఒకదాని మీద ఒకటి లై పూసి
బండరాయి కింద రెండు రోజులు పెట్టిండు.
అట్ట అయినయి.
ఎర్ర గుడ్డ తొడిగి
హాలియల ఇనుప సామాన్ల కొట్టుకు ఖాతా పుస్తకం చేసినం.
సారు నా జీతంల పైస కోయలే,
ఆ పూట అక్షరాలన్నీ ఎక్కడియి అక్కడ
నాతోనే ఒక్కదానితోనే అరల్ల పోయించిండు.
చీకటయింది.

ఆ పుస్తకం ఇంక ఆ కొట్ల ఉన్నదో లేదో.
ఎన్నడన్న వాన కురిసి, గల్ల కింద తడిసి,
లై ఉబ్బి అట్ట పొరలు ఇడిస్తే
సేటు చూస్తడు కావచ్చు:
బతాయి, బతాయి, బతాయి.